పడవకి గెస్ట్ రూమ్ ఎందుకు?

2025 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఒకటే గొడవ. ఇరవయ్యేడా, ముప్ఫయ్యారా? ఒకరోజు ఫోన్ స్పీకర్లో ఇదంతా విన్న మా అమ్మ, మేమేదో స్థలం బేరమాడుతున్నాం అనుకుని "గజం ఎంతటే?" అని అడిగింది. గజాలు కాదమ్మా, అడుగులు, అదీ పడవ పొడవు అని చెప్పాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కారుందిగా మీకు" అంది.

ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. తెరచాప పడవ ఎవరికీ అవసరం కాదు. కానీ కొనాలన్న పిచ్చి ఎక్కాక ఎంత పొడుగుది కొనాలి అన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. మా ఆయనకీ ఉన్నాయి. తనకి రాసే అలవాటు లేదు కాబట్టి ఇక్కడ నా గొంతే ఎక్కువ వినపడుతుంది, ముందే చెప్పేస్తున్నాను.

మాది వైజాగ్. ఇసుక మీదకి లాగి పెట్టిన తెప్పలకి ఆనుకుని మురీ మిక్చర్ తిన్న బాల్యం. సముద్రం ఒడ్డున 22 ఏళ్ళు బతికి ఒక్కసారి కూడా పడవెక్కలేదు. ఎక్కింది సియాటిల్ వచ్చాకే, అదీ నా బరువు కోసం పిలిస్తే. ఇక్కడ లేక్ యూనియన్‌లో వేసవిలో మంగళవారం సాయంత్రాలు డక్ డాడ్జ్ అని సరదా పందేలు జరుగుతాయి, 1974 నుంచీ ఉన్న ఆనవాయితీ. ఆఫీసులో ఒకాయన పడవకి ఆ రోజు ఒక మనిషి తక్కువయ్యాడు. గాలికి పడవ ఒక పక్కకి ఒరిగినప్పుడు రెండో అంచు మీద కూర్చోవడానికి ఎవరో ఒకరు కావాలి. వెళ్ళి కూర్చున్నాను. తర్వాత రెండేళ్ళలో ముడులు, తాళ్ళు, చుక్కాని, క్లాసులు, సర్టిఫికెట్. మా ఆయన నా వెనకాలే వచ్చాడు, ఫ్లాస్కులో టీ పట్టుకుని. అంటే మా పడవని నడిపే సరంగుని నేను. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మిగతా గొడవంతా అర్థమవుతుంది.

మేం చూసిన రెండు పడవలూ క్యాటలీనాలే. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ బట్లర్ మొదలుపెట్టిన కంపెనీ అది. మన రోడ్ల మీద మారుతి 800 ఎలాగో, అమెరికా రేవుల్లో క్యాటలీనా 27 అలాగ. 1971లో మొదలుపెట్టి ఆరు వేలకి పైగా చేశారు. ముప్ఫయ్యారు 1982లో వచ్చింది, అదీ రెండు వేలు దాటింది. ఇన్ని తిరుగుతున్నాయి కాబట్టి స్పేర్ పార్టులకి కొదవ లేదు, ఏ పార్టు ఎప్పుడు పోతుందో చెప్పేవాళ్ళకీ కొదవ లేదు. కీల్, అంటే పడవ అడుగున ఉండే బరువైన రెక్క, ఒంటికి అతుక్కునే చోట ముందు భాగంలో ఒక సన్నటి చీలిక వస్తుంటుంది, దానికి ఇక్కడివాళ్ళు "క్యాటలీనా చిరునవ్వు" అని ముద్దు పేరు పెట్టారు. నీళ్ళలోంచి పైకి లేపినప్పుడు మొదట చూసేది దాన్నే. మేం చూసిన రెండూ నవ్వలేదు.

చిన్నది 1983లో చేసింది. 26 అడుగుల 10 అంగుళాల పొడవు, 8 అడుగుల 10 అంగుళాల వెడల్పు, బరువు దాదాపు 3,100 కిలోలు. కర్ర చుక్కాని, వెనక తగిలించిన పెట్రోలు మోటారు. ఓనరు ఒక పెద్దాయన, మోకాళ్ళు సహకరించక అమ్ముతున్నాడు. అడిగింది 11 వేల డాలర్లు. పెద్దది 1992ది. 36 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు పన్నెండుకి ఒక్క అంగుళం తక్కువ, బరువు ఆరు టన్నుల పైమాట. గుండ్రటి వీల్, లోపల డీజిల్ ఇంజన్, వేడినీళ్ళు, షవర్, ఓవెన్. వెనక తలుపున్న గది. బ్రోకర్ 42 వేలు చెప్పాడు.

రేటు తేడా నా వాదన కాదు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, లోన్ తీసుకుంటే తీరిపోయేదే. నా వాదనంతా ఆ వెనక గది మీద.

ఆ గది చూడగానే మా ఆయన కళ్ళు మెరిశాయి. "అమ్మా నాన్నా వస్తే ఇక్కడ పడుకుంటారు" అన్నాడు. ఇంటికొచ్చాక ఎక్సెల్‌లో ఆ మాటకి ఒక కాలమ్ కూడా పెట్టాడు. నాకు వెంటనే మేం ఇల్లు కొన్న రోజులు గుర్తొచ్చాయి. సియాటిల్ పక్కన బాథెల్‌లోనో సమ్మామిష్‌లోనో ఏ తెలుగు కుటుంబం ఇల్లు చూడ్డానికి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే: కింద బెడ్‌రూమ్, ఫుల్ బాత్ ఉందా? అమ్మావాళ్ళు ఆర్నెల్లకి వస్తారు, మెట్లెక్కలేరు. ఇంటి విషయంలో అది సరైన ప్రశ్నే, నేనూ అడిగాను. ఇంట్లో ఒక గది ఎక్కువుంటే మిగతా ఆర్నెల్లూ అది తలుపేసుకుని పడుంటుంది, దాని మానాన అది ఉంటుంది. పడవలో ఎక్కువున్న గది అలా ఉండదు. చుట్టాలు ఉన్నా లేకపోయినా, ప్రతి ట్రిప్పులోనూ దాన్ని నేనే మోయాలి, నేనే తిప్పాలి, నేనే ఆపాలి, నేనే కట్టాలి.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. 27 నుంచి 36కి పొడవు మూడో వంతు పెరిగింది. బరువు రెట్టింపైంది. పడవలతో వచ్చే తిరకాసే ఇది. పొడవు పెరిగితే వెడల్పూ లోతూ కూడా పెరుగుతాయి, లోపలి చోటు మూడు వైపులా పెరుగుతుంది, దాంతోపాటు బరువూ, దాన్ని కదపడానికి తెరచాపా, దాన్ని లాగడానికి తాడు చుట్టి తిప్పే వించీ, ఆ వించ్‌ని తిప్పడానికి భుజమూ. అయిదడుగుల రెండంగుళాల మనిషిని నేను. పడవ పెరిగింది కదా అని నా భుజం పెరగదు. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. పది నాట్ల (నాట్ అంటే గంటకి ఒక సముద్రపు మైలు) గాలిలో ముచ్చటగా ఉన్న పెద్ద తెరచాప ఇరవై నాట్లలో వేరే జంతువు.

ఖర్చులు కూడా ఆ లెక్కనే. రేవులో అద్దె అడుగుల లెక్కన వసూలు చేస్తారు. అడుగుకి నెలకి 20 డాలర్లు అనుకుంటే 540కీ 720కీ తేడా పెద్దగా కనపడదు. అడుగున నాచు, గుల్లలు పట్టకుండా వేసే రాగి పెయింటు, మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని, నిలబెట్టే స్టీలు తీగలు, తెరచాపల కొత్త సెట్టు, లంగరు, దాని గొలుసు, ఇవన్నీ పొడవుతో సమానంగా కాదు, అంతకంటే ఎక్కువగా పెరుగుతాయి. చిన్న పడవ లంగరు నేను ఒంటి చేత్తో పైకి లాగేస్తాను. పెద్దదానికి కరెంటుతో తిరిగి లంగరు లాగే విండ్‌లాస్ కావాలి, దానికి లావు వైరు కావాలి, దానికి పెద్ద బ్యాటరీ కావాలి, ఆ బ్యాటరీకి చార్జింగ్ కావాలి. ఇంకో సామాను వచ్చిందంటే చెడిపోయేది ఇంకోటి వచ్చినట్టే.

అయినా నన్ను తేల్చిపడేసింది లెక్కలు కాదు. ఒక కుషన్.

ఏప్రిల్లో పెద్దదాన్ని ట్రయల్‌కి తీసుకెళ్ళాం. షిల్‌షోల్ బే బయట, పన్నెండు పదమూడు నాట్ల ఉత్తరపు గాలి. దూరంగా ఒలింపిక్ కొండల మీద ఇంకా మంచు. నేను ముందే అడిగి పెట్టుకున్నాను: ఎవరో ఒకరు నీళ్ళలో పడ్డట్టు చేద్దాం, ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు. ప్యుజెట్ సౌండ్, అంటే సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ, నీళ్ళు ఏడాది పొడవునా పది డిగ్రీలకి అటూ ఇటూ ఉంటాయి. చల్లటి నీళ్ళ గురించి ఇక్కడ క్లాసులో మొదటి రోజే చెప్పే లెక్క ఒకటుంది: పడగానే ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ పనికొచ్చేది పది నిమిషాలు, స్పృహ ఉండేది గంట. అంటే మా ఆయన పడితే నాకున్నది పది నిమిషాలు.

తను కుషన్‌ని నీళ్ళలోకి విసిరి "ఇది నేనే" అన్నాడు. ఎర్రది, మధ్యలో కుట్లు ఊడినది. విసిరేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను వీల్ తిప్పాను. పడవ మొహం గాలిలోకి వచ్చింది, ముందు తెరచాప, జెనోవా అంటారు, టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు దగ్గర్నుంచి విన్నవాళ్ళకి తెలుస్తుంది, ఎవరో తుపాకీ పేలుస్తున్నట్టుంటుంది. తాడు వదిలి, చుట్టే తాడు లాగబోతే సగంలో బిగుసుకుంది. రెండు చేతులతో లాగాలంటే వీల్ వదలాలి. వీల్ వదిలితే పడవ తిరిగిపోతోంది. వించ్ మీదకి తాడు చుట్టి, హ్యాండిల్ వెతికి, అది వీల్‌కి అవతలి వైపు పాకెట్లో ఉందని గుర్తొచ్చి, వంగి తీసి, తిప్పి, ఈలోగా కుషన్ ఎక్కడుందో మర్చిపోయాను. తల ఎత్తితే నీళ్ళంతా ఒకేలా ఉన్నాయి. మళ్ళీ కనపడింది, చాలా దూరంగా, అలకి ఒకసారి కనపడుతూ ఒకసారి మాయమవుతూ.

దాని పక్కకి చేరేసరికి పదకొండు నిమిషాలు. అందులో రెండు నిమిషాలు నా కంగారువే, ఒప్పుకుంటాను. బ్రోకర్ చాలా మర్యాదస్తుడు, వాచీ చూడలేదు. మా ఆయన చూశాడు.

చిన్న పడవలో అదే పని అంతకుముందు వారం చేశాం, పెద్దాయన ముందు కూర్చుని సన్‌ఫ్లవర్ గింజలు నములుతుంటే. కర్ర చుక్కానిని మోకాళ్ళ మధ్య పెట్టుకుని రెండు చేతులతో తాడు లాగాను. అన్ని తాళ్ళూ కూర్చున్న చోటికి అందుతాయి. నాలుగు నిమిషాలు. అయితే నిజాయితీగా ఒక మాట చెప్పాలి: కుషన్‌ని హుక్కుతో లాగేశాను కానీ మనిషిని లాగాలంటే చిన్నదాంట్లోనే కష్టం. పెద్ద పడవకి వెనక నీళ్ళలోకి దిగే మెట్టుంది, పడ్డవాడు కాస్త ఓపికుంటే తనే ఎక్కగలడు. చిన్నదాని అంచు ఎత్తు, పక్కన వేలాడేసిన నిచ్చెన దిక్కు. కొన్నాక మేం మొదట కొన్న సామాను అదే, మనిషిని పైకి లాగే కప్పీ తాడు. పడ్డవాడి దగ్గరికి పడవే చేరలేకపోతే మెట్టెంత బావుంటే ఏం లాభం అని నేను, చేరాక ఎక్కించలేకపోతే ఎంత తొందరగా చేరితే ఏం లాభం అని తను. ఈ పాయింటు ఇప్పటికీ తేలలేదు.

మా ఆయన అంత తొందరగా వదిలే రకం కాదు. ఫిబ్రవరిలోనే తన దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది, అప్పుడే వాడేశాడు. మన నేవీ పడవ తారిణి, 56 అడుగులది, గోవాలో కట్టింది. దాని మీద దిల్నా, రూప అని ఇద్దరు ఆఫీసర్లు 2024 అక్టోబర్‌లో గోవా నుంచి బయల్దేరారు. సరిగ్గా మా గొడవ మొదలైన రోజుల్లోనే వాళ్ళు దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ దాటారు. "ఇద్దరంటే ఇద్దరు. 56 అడుగులది. నీకు 36 బరువైపోయిందా?" అన్నాడు, పప్పులో నెయ్యి వేసుకుంటూ.

ఆ దెబ్బ గట్టిగానే తగిలింది, ఎందుకంటే తారిణి అంటే నాకున్న అభిమానం తనకి తెలుసు. 2017 సెప్టెంబర్‌లో ఆరుగురు అమ్మాయిలు అదే పడవలో బయల్దేరి 2018 మేలో భూమి చుట్టి వచ్చారు. అందులో పి. స్వాతి మా విశాఖపట్నం అమ్మాయి, బి. ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. ఆ ఎనిమిది నెలలూ వాళ్ళు ఏ రేవులో ఉన్నారో నేను మ్యాపులో గుర్తులు పెట్టుకున్నాను. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌన్. అలాంటి దాన్ని నా మీదకే తిప్పాడు.

రెండు రోజులు ఆలోచించి జవాబు చెప్పాను. ఒకటి, వాళ్ళకి అది ఉద్యోగం. మూడేళ్ళు అదే పని మీద ఉండి, వేల మైళ్ళు కలిసి తిరిగి, అప్పుడు బయల్దేరారు. నేను గురువారం స్టాండప్ మీటింగ్ అయ్యాక వెళ్ళేదాన్ని. రెండు, ఇదే అసలు సంగతి, నడిసముద్రంలో పెద్ద పడవే సుఖం. అక్కడ గుద్దుకోవడానికి ఏమీ ఉండదు. నాకు భయం పుట్టేది చివరి ఇరవై మీటర్లలో, రేవులోకి వచ్చి, అటూ ఇటూ ఎవరివో ఖరీదైన పడవల మధ్య సందులో, దాన్ని స్లిప్ అంటారు, దూర్చి ఆపేటప్పుడు. కేప్ హార్న్ దగ్గర స్లిప్పులుండవు.

ఆ ట్రయల్ రోజునే దీనికి కూడా సాక్ష్యం దొరికింది. కుషన్ తర్వాత తిరిగి రేవులోకి నేనే తెచ్చాను. పక్క గాలి. నెమ్మదిగా వస్తే గాలి ముక్కుని పక్కకి నెట్టేస్తుంది, జోరుగా వస్తే ఆగదు. ఆరు టన్నులు. రివర్స్ వేశాను, వెనక భాగం నేననుకున్న వైపు కాకుండా ఇంకో వైపు జరిగింది, డీజిల్ ఇంజన్ పడవల్లో ఫ్యాను తిరిగే దిశని బట్టి అలా జరుగుతుంది. పక్క పడవకి మాకూ మధ్య ఒక చెయ్యి పట్టేంత సందు. మా ఆయన ఆ సందులో నిజంగానే చెయ్యి పెట్టబోయాడు. "చెయ్యి తియ్!" అని నేను అరిచిన అరుపు డాక్ చివర్లో రాళ్ళ మీద పడుకున్న సీ లయన్లకి కూడా వినపడి ఉంటుంది. బ్రోకర్ ఫెండర్ బుడగని సరిగ్గా ఆ సందులోకి వదిలాడు, కీచుమంటూ అది నలిగింది, అంతే, ఏం కాలేదు. కానీ ఆ రాత్రి ఎక్సెల్ తెరవలేదు.

పెద్ద పడవ వైపు ఉన్న న్యాయం కూడా చెప్పాలి కదా, లేకపోతే ఇది ఏకపక్షం అవుతుంది. తుపానులో పొడవు ప్రాణం కాపాడుతుందన్నది ఉత్త మాట కాదు. 1979లో ఇంగ్లండ్, ఐర్లండ్ మధ్య ఫాస్ట్‌నెట్ పందెంలో 303 పడవలు బయల్దేరితే తుపానుకి 15 మంది పోటీదారులు చనిపోయారు. దాని తర్వాత సౌతాంప్టన్‌లో నమూనాలతో పరీక్షలు చేశారు. విరిగిపడే అల ఎత్తు పడవ పొడవులో దాదాపు 30 శాతం ఉండి, పక్క నుంచి తగిలితే కొన్ని పడవలు తిరగబడ్డాయి. 60 శాతం ఉంటే ఏదీ నిలబడలేదు. ఆ లెక్కన 27కి ప్రమాదం రెండున్నర మీటర్ల అల దగ్గర మొదలవుతుంది, 36కి మూడుంపావు పైన. ఎనభై సెంటీమీటర్లు కొన్నిసార్లు చావుకీ బతుక్కీ మధ్య తేడా.

అలాగని చిన్నవి పనికిరావనడానికీ లేదు. రాబిన్ నాక్స్-జాన్స్టన్ 1968-69లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమి చుట్టిన సుహైలీ 32 అడుగులది. మన బొంబాయిలో టేకుతో కట్టారు దాన్ని. మ్యాట్ రూథర్‌ఫోర్డ్ అనే అతను 2011-12లో 27 అడుగుల ఆల్బిన్ వేగాలో రెండు అమెరికా ఖండాల చుట్టూ ఎక్కడా దిగకుండా తిరిగొచ్చాడు. లిన్, లారీ పార్డీ దంపతులు ఇంజనే లేని 24 అడుగుల పడవలో ఏళ్ళ తరబడి తిరిగారు. ఇవి వినడానికి బావుంటాయి, చిన్న పడవ వాళ్ళం అందరం వీటిని వల్లె వేస్తుంటాం. కానీ వాళ్ళ ఓపిక మనకి లేదు, ఆ పడవలు వేరే రకంగా, దిట్టంగా కట్టినవి. మా క్యాటలీనాని చూపించి రూథర్‌ఫోర్డ్ పేరు చెప్పడం, మారుతి 800 చూపించి హిమాలయన్ ర్యాలీ గురించి మాట్లాడినట్టే. మేం తిరిగేది ప్యుజెట్ సౌండ్. ఇక్కడ రెండున్నర మీటర్ల అల విరిగిపడే రోజున ఏ పడవైనా రేవులో కట్టేసి ఉండాలి.

వేగం సంగతి కూడా ఇలాంటిదే. నీళ్ళని ఆనుకుని ఉండే పొడవు ఎన్ని అడుగులో చూసి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే పడవ పరుగు హద్దు నాట్లలో వస్తుంది. చిన్నదానికి ఆరుంపావు, పెద్దదానికి ఏడున్నరకి కాస్త తక్కువ. ఇక్కడి నుంచి శాన్ వాన్ దీవుల్లో ఫ్రైడే హార్బర్‌కి అరవై మైళ్ళ పైనే. కాగితం మీద పెద్దది గంటన్నర ముందు చేరాలి. దారిలో అడ్మిరాల్టీ ఇన్‌లెట్ అనే సముద్రపు సందు ఉంది. ఆటుపోట్లకి అక్కడ మూడు నాలుగు నాట్ల ప్రవాహం మామూలు. అది ఎదురైతే పెద్దదీ చిన్నదీ రెండూ ఒకే లైట్‌హౌస్‌ని గంటసేపు చూస్తూ కూర్చుంటాయి. కలిసొస్తే రెండూ రైలెక్కినట్టు పోతాయి. పోటు టేబుల్ చూసుకుని తెల్లవారుజామున నాలుగింటికి లేవగలవా లేదా అన్నదే ఇక్కడి వేగం. మా ఆయన లేవలేడు.

ఇంతకీ ఆ గది ఎవరి కోసమో వాళ్ళని ఎవరూ అడగలేదు. ఒక ఆదివారం వీడియో కాల్లో మా అత్తయ్యకి రెండు పడవల ఫోటోలూ చూపించాడు. అత్తయ్య పుట్టిల్లు కాకినాడ దగ్గర తాళ్ళరేవు. ఒకప్పుడు చెక్క ఓడలు కట్టిన ప్రాంతం, పక్కనే 1839 తుపానుకి కొట్టుకుపోయిన కోరంగి రేవు. ఆవిడకి పడవలంటే కొత్త కాదు. ఫోటోల్లో సోఫా, ఓవెన్, గది అన్నీ చూసి ఆవిడ అడిగింది రెండే. "సరంగు ఎవర్రా?" అంది మొదట. తను కెమెరా నా వైపు తిప్పాడు. "అయితే నన్నెందుకు అడుగుతున్నావు, అమ్మాయిని అడుగు" అంది. తర్వాత, "ఇంత పెద్దది ఎవరు కడుగుతారు?"

చిన్నదే కొన్నాం. ఏప్రిల్ ఆఖరి వారంలో.

ఇక్కడ జూన్‌లో సూర్యుడు తొమ్మిది దాటితే గానీ దిగడు. అయిదున్నరకి లాప్‌టాప్ మూసి ఆరింటికల్లా రేవులో ఉంటే మూడు గంటల వెలుగు మనది. తాళ్ళు విప్పడానికి పది నిమిషాలు, తిరిగొచ్చి కట్టడానికి పదిహేను. మే నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా 38 సార్లు వెళ్ళాం, నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అందులో 26 సార్లు పనిరోజుల సాయంత్రాలే, తొమ్మిది సార్లు నేనొక్కదాన్నే. పెద్దదైతే ఆ తొమ్మిదీ ఉండేవి కావు, ఆ ఇరవయ్యారులో సగం కూడా ఉండేవి కావని నా నమ్మకం. పెద్దదాన్ని తియ్యాలంటే ఇద్దరికీ ఖాళీ ఉండాలి, గాలి అనుకూలంగా ఉండాలి, ముందు రోజు నుంచీ మాట్లాడుకోవాలి. శనివారం మధ్యాహ్నం మంచి ఎండలో కూడా మా డాక్ మీద పెద్ద పెద్ద పడవలు కట్టేసే ఉంటాయి. కొన్నిటి తాళ్ళకి పచ్చటి నాచు. వాటిల్లో గెస్ట్ రూములున్నాయి.

ఓడిన చోట ఓడిపోయానని చెప్పడానికి నాకేం నామోషీ లేదు. ఆగస్టులో సూషియా దీవి దగ్గర లంగరేసిన రాత్రి పడవ ఊగిన ఊగుడుకి ఇద్దరికీ కునుకు పట్టలేదు. పక్కనే లంగరేసిన ఒక నలభై అడుగుల పడవ మాత్రం గుడిలా నిశ్చలంగా ఉంది. ఇంకోటి టాయిలెట్. 2018 నుంచీ ప్యుజెట్ సౌండ్‌లో మురుగు వదలడం నిషేధం, మంచి రూలే. అంతా ట్యాంకులోకి పోవాలి, ట్యాంకుని పంప్ ఉన్న రేవులో ఖాళీ చేయించుకోవాలి. మా ట్యాంకు ఎంతదంటే, స్నేహితుల జంట ఒకటి రెండు రోజులకి వస్తే రెండో రోజు పొద్దున్నే అందరం ముఖముఖాలు చూసుకున్నాం. ఇంతకంటే వివరంగా రాయను. మా ఆయన మాత్రం ఆ రోజు నుంచి "ముప్ఫయ్యారులో ఎంత ట్యాంకో తెలుసా?" అని అడగడం మొదలుపెట్టాడు. తెలుసు. తనే పదిసార్లు చెప్పాడు.

జులైలో అత్తయ్యా మావయ్యా వచ్చారు. నాలుగు సార్లు పడవెక్కారు. రాత్రి ఒక్కసారి కూడా పడవలో పడుకోలేదు. పడుకుంటామని అనలేదు, మేమూ అడగలేదు. రేవు నుంచి ఇంటికి ముప్పావు గంట, ఇంట్లో కింద బెడ్‌రూమ్ ఉంది, ఫుల్ బాత్ ఉంది. పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని అత్తయ్య కాక్‌పిట్‌లో కూర్చుంది. మెడో పాయింట్ దాటాక గాలి మెత్తబడితే చుక్కాని కర్ర ఆవిడ చేతికిచ్చాను. చేత్తో కాకుండా మోచేత్తో, ఊరికే అలా ఆనించి పట్టుకుంది. ఎక్కడ నేర్చుకున్నారు అత్తయ్యా అంటే "నేర్చుకునేదేముంది, గోదారి పాయలో మా చిన్నాన్న పడవ" అంది. పాతికేళ్ళు ఇంట్లో పెరిగిన కొడుక్కి కూడా చెప్పని సంగతి... అని మా ఆయన ఏదో అనబోతే "నువ్వు అడిగావా?" అని ఆపేసింది.

మావయ్యకే ఇబ్బంది. మోకాలి ఆపరేషన్ అయింది, డాక్ మీంచి పడవ అంచు దాకా కాలు ఎత్తలేకపోయారు. నాలుగు సార్లూ మా ఆయన పైనుంచి పట్టుకుంటే నేను కింద నుంచి ఆనిచ్చాను, నాలుగు సార్లూ ఆయన సారీ చెబుతూనే ఉన్నారు. వాళ్ళు మళ్ళీ మేలో వస్తున్నారు. ఈలోగా చెక్కతో రెండు మెట్ల బల్ల ఒకటి చేయించాలి, పట్టుకోవడానికి పక్కన కర్రతో సహా. డాక్ నుంచి అంచు దాకా కొలత తీసుకొచ్చాను. మొదటి మెట్టు ఎనిమిది అంగుళాలు పెట్టమంటే వడ్రంగి పది పెడదాం అంటున్నాడు. ఎనిమిదే ఉండాలి.